పోలమ్మ గొంతులో అందరూ

పోలమ్మకు మాటలు వచ్చినప్పటి నుంచీ తన గొంతు కంటే ఎదుటివాళ్ల గొంతే బాగా పలికేది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే గుడిసె వెనక నక్కి, తల్లి పాపమ్మ గొంతుతో తండ్రిని అన్నానికి పిలిచేది. ఆయన కాళ్లు కడుక్కుని పీట వాల్చుకుని కూర్చునేసరికి అన్నం ఇంకా పొయ్యి మీద కుతకుతలాడుతూ ఉండేది.

"ఇది వెక్కిరింతల గుంట. దీన్ని ఏ ఇంటోళ్లు సేసుకుంటారో!" అని పాపమ్మ మొత్తుకునేది.

వాళ్లది సముద్రం దాటి వచ్చిన దీవిలో, సెయింట్ పియర్ దగ్గర చెరకు తోట కాంపు, అంటే కూలీల గుడిసెల వాడ. ఓడ దిగిన తెలుగువాళ్లూ, ఇక్కడే పుట్టిన వాళ్ల పిల్లలూ, బిహారు వాళ్లూ, ఆఫ్రికా సంతతి క్రియోల్ వాళ్లూ ఒకే వరసలో గుడిసెలు వేసుకున్నారు. పోలమ్మ ఎవరినీ వదల్లేదు. దొర గుర్రం దిగుతూ ఫ్రెంచిలో విసుక్కునే తీరు, చీనా కొట్టువాడు బియ్యం కొలుస్తూ సణిగే తీరు అన్నీ దించేసేది. దాంతో తలో పేరు తగిలించారు. బిహారు ఆడవాళ్లు "నకల్చీ", అంటే అనుకరణలది, అన్నారు. క్రియోల్ పిల్లలు "జాకో" అని ఏకంగా కోతిని చేసేశారు. పోలమ్మ ఆ పేర్లకు నవ్వేది. పిలిచినవాళ్ల గొంతుతోనే ఆ పేరును తిరిగి వాళ్ల మీదికి విసిరేది. కానీ బండి తోలే రామలుతో పెళ్లయిన కొత్తలో, అతని బంధువులు "రామలుకి కోతి దొరికిందర్రా" అని చెవులు కొరుక్కుంటుంటే విని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఒక కోతల కాలంలో అదే గొంతు ఆమెకు కష్టం తెచ్చిపెట్టింది. ఎండ మండిపోతోంది. చెరకు మాటున నిలబడి, కోత ముఠాను అదిలించే సర్దారు శివరాం గొంతుతో "ఇయ్యాల్టికి సాలు, ఇళ్లకి పొండి!" అని ఒక్క కేక వేసింది. ముఠా అంతా కత్తులు భుజాన వేసుకుని బయలుదేరింది. దారిలో శివరామే ఎదురయ్యాడు. నవ్వినవాళ్లు నవ్వారు గానీ, మర్నాటి నుంచి పోలమ్మను కోత నుంచి తప్పించి, దున్నిన చేలో నల్లరాళ్లు ఏరి గుట్ట పోసే పనిలో వేశారు. అరచేతులు పొక్కులు కట్టాయి. ఆ తర్వాత చాలాకాలం ఎవరి గొంతూ ఎత్తలేదు.

అయినా మానడం ఆమె వశం కాలేదు. ఒక ఆదివారం ఏటి ఒడ్డున బట్టలు ఉతుకుతూ ఆడవాళ్లు బతిమాలితే, అప్పయ్య తాత భజన అందుకుంది.

శనివారం శనివారం కాంపులో రామభజన జరిగేది. నడుమ దీపం పెట్టి, చుట్టూ తిరుగుతూ పాడేవారు. పాట ఎత్తేది అప్పయ్య. విజయనగరం వైపు నుంచి పన్నెండేళ్ల పిల్లవాడిగా వచ్చాడట. తండ్రి దగ్గర నేర్చిన పాటలు తప్ప ఆయన వెంట ఏమీ రాలేదు. ఇప్పుడు చెవులు మందగించాయి. చరణానికీ చరణానికీ మధ్య ఒక పొడిదగ్గు దగ్గేవాడు. పోలమ్మ ఆ ముక్కు పలుకూ, ఆ దగ్గూ కలిపి పాడుతుంటే ఆడవాళ్లు నీళ్లలో కూలబడి నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. వెనక అప్పయ్య నిలబడి ఉన్నాడు.

పోలమ్మ చేతిలో బట్ట వదిలేసి లేచింది. "తప్పయిపోనాది, తాతా" అంది తలమీద కొంగు సర్దుకుంటూ.

అప్పయ్య దగ్గరికి వచ్చి రాతి మీద కూర్చున్నాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "మల్లీ పాడు. గట్టిగా పాడు."

ఆమె భయపడుతూనే పాడింది. ఆయన చివరి మాట దగ్గర ఆపాడు. "నాను సివర్న అట్టాగే తెంపేస్తన్నానేటి?"

"అవును తాతా. మీరు అట్టాగే తెంపుతారు."

"మా అయ్య తెంపేవోడు కాదే. సాగదీసి, సాగదీసి దించేవోడు." కళ్లు మూసుకుని, తండ్రి పాడిన తీరున ఆ చివరి మాటను పాడి చూశాడు. మొదటిసారి కుదరలేదు. రెండోసారి కుదిరింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎన్నేళ్లయిందో ఇది నా నోటంట వచ్చి! నా సెవులు నాకే అబద్దం సెప్తన్నాయి. నువ్వు లేకపోతే నాకు తెలిసేదే కాదు."

అంత పెద్దవాడు తనకు దండం పెట్టబోతే పోలమ్మ కంగారుగా ఆయన చేతులు పట్టుకుంది. "నన్నందరూ కోతి అంటారు, తాతా" అని మాత్రం అనగలిగింది.

"ఆళ్లకి తెలీదు. మా ఊరికి పగటివేసగాళ్లొచ్చేవోరు. ఒకడు కరణంలా వస్తే కరణం పెళ్లామే మోసపోయేది. ఆళ్లని ఎవులూ కోతులనలేదు. సాపేసి కూకోబెట్టి, సేటల్తో గింజలు పెట్టేవోరు. అది ఇద్దె, అమ్మా, కోతి సేష్ట కాదు."

ఆ మాట పోలమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. రామలుకు మాత్రం చెప్పింది. అతడు ఎడ్ల మెడలు నిమురుతూ, "నాకెప్పుడో తెలుసు. సెప్పడం రాలేదు" అన్నాడు.

అప్పటి నుంచి ఆదివారాలు ఆమె అప్పయ్య గుడిసెకు వెళ్లేది. ఆయన పాడేవాడు, ఆమె ఆయనలాగే తిరిగి వినిపించేది, ఆయన దిద్దుకునేవాడు. అర్థాలు కూడా చెప్పేవాడు. అంతవరకూ ఉత్త చప్పుళ్లుగా మోసిన మాటలు ఆమెకు మనుషులుగా, అడవులుగా, నదులుగా కనిపించసాగాయి. అప్పయ్య భార్య బాలమ్మ ఉడికిన కర్రపెండలం ముందు పెట్టి, వింటూ కూర్చునేది.

పంతొమ్మిది వందల పంతొమ్మిదిలో దీవి మీద జ్వరం విరుచుకుపడింది. కాంపులో తలుపు తెరవని గుడిసెలే ఎక్కువయ్యాయి. పోలమ్మ కొడుకు చావు అంచుదాకా వెళ్లి తిరిగొచ్చాడు. అప్పయ్య తిరిగి రాలేదు.

జ్వరాలు తగ్గాక మిగిలినవాళ్లు మళ్లీ దీపం పెట్టారు. అప్పయ్యకు వంత పాడే నరసయ్య పాట ఎత్తాడు, రెండో చరణానికే దారి తప్పాడు. ఇంకొకరు అందుకున్నారు, వాళ్లకీ ముందుకు సాగలేదు. తాళాలు ఆగిపోయాయి. ఆడవాళ్ల వరసలో కూర్చున్న పోలమ్మ ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. గొంతెత్తింది. వచ్చింది అప్పయ్య గొంతు. ఆ ముక్కు పలుకు, ఆ దగ్గు, సాగదీసి దించిన ఆ చివరి మాట.

జనం ఉలిక్కిపడ్డారు. "సచ్చిపోయినోణ్ని ఎక్కిరిస్తావేటే!" అని శివరాం కోపంగా లేచాడు. పోలమ్మ పాట మధ్యలోనే ఆపేసింది. నిజమే కదా, తను చేసింది అదే కదా అనుకుంది.

అప్పుడు గోడవార ఉన్న బాలమ్మ చేతికర్ర ఊతంతో లేచింది. "కూకో శివరాం. అది ఎక్కిరింత కాదు. ఆయన ఇన్నాడు, ఆయనే దిద్దాడు." పోలమ్మ వైపు తిరిగింది. "పాడమ్మా. ఆ దగ్గు కూడా ఉండనీ."

పోలమ్మ పాడింది. మగవాళ్లు ఒక్కొక్కరే వంత అందుకున్నారు. శివరాం చివరిదాకా కూర్చునే ఉన్నాడు. లేచి వెళ్తూ ఆమె ముందు ఒక్కక్షణం ఆగి, తల వంచి నమస్కారం పెట్టాడు.

ఆ తర్వాత ఆడది పాట ఎత్తడమేమిటని సణిగినవాళ్లూ ఉన్నారు. అయినా చుట్టుపక్కల కాంపుల నుంచి కబురు వచ్చేది. ఒకసారి లాల్మతీ అనే ఊరివాళ్లు పిలిస్తే రామలు బండికి కొత్త గడ్డి పరిచి, ఆమెను తీసుకెళ్లాడు. పాటలు అయ్యాక అక్కడ భజన పెట్టించిన ఇంటి ఇల్లాలు గౌరీదేవి వేడి వేడి టీ తాగించి, "అయ్యో అమ్మా, ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ పళ్లెం నిండా తినిపించి పంపింది.

బండి మలుపు తిరిగిందో లేదో పోలమ్మ, "అయ్యో అమ్మా, ఇంకొక్కటి" అంది అచ్చం గౌరీదేవి గొంతుతో. రామలు నవ్వు ఆపుకోలేక పగ్గాలు వదిలేశాడు. ఎడ్లు వాటి ఇష్టం వచ్చినట్టు నడిచి, రోడ్డు పక్కన చెరకు ఆకు మేస్తూ నిలబడ్డాయి.