కాలువ గట్టు మీద భోజనాలు

మా ఊరికి ఏ ఆఫీసరు వచ్చినా భోజనం మా బావగారింట్లోనే. మా ఆయనకు స్వయానా అన్నగారు. చల్లపల్లి చుట్టుపక్కల అంత మర్యాద తెలిసిన మనిషి మరొకరు లేరని అంటారు, నిజమే కూడా. చిక్కంతా ఆ మర్యాదతోనే వచ్చింది.

బావగారు వరి మానేసి రొయ్యల చెరువులు తవ్వించారు. వాటి ఉప్పునీళ్లు మురుగుకాలువలోకి వదలాలి. అది దూరమని, పైపు వేసి పక్కనున్న పంటకాలువలోకి వదిలేవారు. ఊరి మంచినీళ్ల చెరువు నిండేది ఆ పంటకాలువతోనే. డబ్బున్నవాళ్లం క్యాన్ నీళ్లు కొనుక్కున్నాం. పేటలో కూలికి వెళ్లే కుటుంబాలు మాత్రం ఆ ఉప్పునీళ్లే తాగాయి, పసిపిల్లలకీ అవే పట్టాయి. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

మా డ్వాక్రా సంఘం తరఫున కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం. కాలుష్యం చూసే ఇంజనీరుగారు విజయవాడ నుంచి వచ్చారు. జీపు ఊళ్లోకి రాగానే బావగారు ఎదురెళ్లి ఇంటికి తీసుకుపోయారు. రొయ్యల వేపుడు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు అయ్యేసరికి ఎవరో వెళ్లి పైపు కట్టేశారు. ఇంజనీరుగారు కాలువ చూసి, ఏమీ కనబడలేదని వెళ్లిపోయారు. ఆయన లంచం తిన్నారని ఊరంతా అంది. నేనలా అనను. ఆయన తిన్నది అన్నమే. తిన్న ఇంటి మీద కేసు రాయాలంటే ఎవరికైనా మొహమాటమే.

రెండోసారి అర్జీ పెట్టినప్పుడు, ఈసారి వంట మనదే అని సంఘంలో అనుకున్నాం. పేటలోని పాస్టరమ్మగారు చేపల పులుసు చేస్తానన్నారు. అన్నం, పప్పు నా వంతు. ఇంజనీరుగారి జీపు ఊరి మొదట్లోకి రాగానే ఆడవాళ్లమంతా చుట్టుముట్టాం.

“భోజనం కాలువ గట్టు మీదేనండీ. ముందు శాంపిల్ తియ్యండి, తర్వాత వడ్డిస్తాం,” అన్నాను.

“తియ్యకపోతే పస్తేనా అమ్మా?” అని నవ్వారాయన.

“పస్తేనండీ,” అన్నాను. నేను నవ్వలేదు.

బావగారికి కబురు అందేలోపే అందరం పైపు దగ్గరున్నాం. నీళ్లు ధారగా కాలువలో పడుతున్నాయి. ఇంజనీరుగారు వాటిని సీసాల్లో పట్టి సీలు వేశారు. దాహమంటే పాస్టరమ్మగారు మంచినీళ్ల చెరువులో పట్టిన నీళ్లే గ్లాసుతో ఇచ్చారు. ఆయన ఒక గుక్క తాగి ఆగిపోయారు.

“రోజూ ఇవే తాగుతున్నారా?”

“మా పేటలో అందరం ఇవేనండీ.”

ఆయన గ్లాసు పక్కన పెట్టి పంచనామా రాశారు. “ఊరివాళ్లవి రెండు సాక్షి సంతకాలు కావాలి. అవి లేకపోతే కోర్టులో ఈ కేసు నిలబడదు. పిలిస్తే వచ్చి చెప్పాలి మరి,” అన్నారు.

అంతవరకూ గలగలా మాట్లాడినవాళ్లంతా చప్పబడిపోయారు. వాళ్లను తప్పుపట్టలేను, సగం మందికి బావగారి చెరువుల మీదే కూలి. నేను పెన్ను అందుకుంటుండగా బావగారు బండి మీద వచ్చి దిగారు.

“ఏమ్మా, మన పరువు మనమే తీసుకుంటామా?”

గ్లాసులో మిగిలిన నీళ్లు ఆయన ముందుకు చాపాను. “ఒక్క గుక్క తాగి చూడండి బావగారూ. బాగున్నాయంటే సంతకం పెట్టను.”

ఆయన గ్లాసు అందుకోలేదు. నేను సంతకం పెట్టేశాను.

రెండో సంతకానికి ఎవరూ కదల్లేదు. మా ఆయన అన్నం గిన్నె మోసుకొచ్చి ఓ పక్కన నిలబడి ఉన్నారు. అన్నగారి ఎదుట కుర్చీలో కూడా కూర్చోని మనిషి. నిజం చెప్పొద్దూ, ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనే గిన్నె కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, వచ్చి నా పేరు కింద సంతకం చేశారు. తర్వాత అన్నగారి దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

“కోర్టు వాయిదాలకి కూడా వచ్చి సాక్ష్యం చెబుతానన్నయ్యా,” అన్నారు.