చివరి సాలుకు చేరిన నీళ్లు

ఆయన్ని అందరూ చుక్కల మేస్త్రీ అంటారు. ఏడో తరగతితో బడికి దండం పెట్టి లేతు మిషను పట్టుకున్నాడు. పంపుల ఇరుసుల నుంచి పిండిమర చక్రాల దాకా ఆయన చేయని పని లేదు. మొరాయించిన మోటారు ఆయన షెడ్డుకు వెళ్లిందంటే తిరగకుండా బయటికి రాలేదు. అవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు ఎన్నో పొలాల్లో మొక్కల మొదట్లో నీటి చుక్కలు రాలుస్తున్న ఆయన డ్రిప్పరు ఒక్కటీ ఒక ఎత్తు.

కొట్లో దొరికేవి చిన్న రైతు కొనలేడు. అందుకని పాత ప్లాస్టిక్ కరిగించి, తానే చెక్కిన అచ్చులో పోసి, చొక్కా బొత్తామంత డ్రిప్పర్లు చేశాడు. షెడ్డులో భేషుగ్గా పనిచేశాయి. పొలంలో పెట్టి చూస్తానంటే మాత్రం, పంట మీద ప్రయోగాలేమిటని రైతులంతా మొహం మీదే అనేశారు.

ఒప్పుకున్నది ఆయన అక్క ఒక్కతే. ఆ ఏడు ఆమె బోరులో నీళ్లు అడుగంటాయి, కాలువ కట్టి పారించేంత లేవు. ఉన్న కాస్త పొలం చెక్కలో టమాటా నాటుకుంది. ఇంటికి ఆధారం అదే. బామ్మర్ది బుర్రలో పుట్టిన చుక్కలకు నా పొలమే దొరికిందా అని బావ సణిగాడు.

మేస్త్రీ ట్యాంకు నుంచి సాళ్ల వెంట పైపులు పరిచి, మొక్కకో డ్రిప్పరు బిగించాడు. కొన్నాళ్లకే మిట్ట వైపు మొక్కలు తలలు వాల్చేశాయి. ట్యాంకు పక్క డ్రిప్పరు కింద గ్లాసు పెట్టి చూస్తే కొలత సరిగ్గానే ఉంది. ఎండ దెబ్బేమో అన్నాడు మేస్త్రీ. అక్క ఆయన చెయ్యి పట్టుకుని పొలం చివరికి నడిపించింది.

“ఒరేయ్, ముందు కూర్చున్నవాడి కంచం నిండితే అందరూ తిన్నట్టేనా? చివరివాడి కంచం చూడు.”

అక్కడ చుక్క పడటానికి ఆపసోపాలు పడుతోంది. ట్యాంకు దగ్గర నీళ్లకు జోరెక్కువ, మిట్టకు చేరేసరికి నీరసం. ఇన్నాళ్లూ దగ్గరి సాలునే కొలిచి మురిసిపోయానని ఆయనకు అర్థమైంది. తలెత్తలేక పైపులు పీకేస్తానన్నాడు.

“పీకితే మొక్కలు బతుకుతాయా? బాగుచెయ్యి” అంది అక్క.

బాగయ్యేదాకా ఆమే, బావే ఆ సాళ్లకు బిందెలతో నీళ్లు మోశారు. బావ బిందెకో చురక వేశాడు గానీ ఒక్క పూటా మానలేదు.

మేస్త్రీ ప్రతి డ్రిప్పరులో సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు బిళ్ల అమర్చాడు. జోరు పెరిగితే బిళ్ల వంగి దారిని ఇరుకు చేస్తుంది, తగ్గితే వదులుతుంది. మొదటి రబ్బరు మందమై దారే మూసేసింది. పలచటిది వెతికి మళ్లీ కోశాడు. అక్క వంటింట్లో గిన్నెలన్నీ తెచ్చి సాళ్ల పొడవునా పరిచింది. బావ గడియారం పట్టుకున్నాడు. కుళాయి కట్టేశాక ఒక్కో గిన్నెలో నీళ్లు విడివిడిగా గీతలున్న సీసాలో పోసి చూశారు. దగ్గరివీ, మిట్టవీ ఒకే గీత దగ్గర ఆగాయి.

బావ సీసాను ఎండకెత్తి మళ్లీ చూశాడు. “పనిమంతుడివే. ఇక నా మెడనొప్పికీ ఏదన్నా కనిపెట్టు.”

మేస్త్రీ అక్క వైపు తిరిగాడు. “అక్కా, చేసింది నేనే. ఎండుతున్న పంటను నా చేతిలో పెట్టింది మాత్రం నువ్వు. ఇంకొకరైతే ఆ రోజే తరిమేసేవాళ్లు” అన్నాడు.

అక్క అప్పటికే చివరి సాల్లో వంగి, తడిసిన మట్టిని మొక్క మొదట్లోకి ఎగదోస్తోంది.