అర క్షణం వెనక జ్ఞానశేఖర్ మావయ్య

ఇరవయ్యేళ్లుగా వాయిస్తున్న జ్ఞానశేఖర్ మావయ్యని చర్చి పియానో ముందునుంచి లేపేసింది మా నాన్నే. 1978లో, క్రిస్మస్ పాటల సాధన మొదలయ్యే ముందు ఆదివారం, కమిటీ సెక్రటరీ హోదాలో లేచి నిలబడి, "ఈయన ప్రతి పాటనీ అర క్షణం వెనక్కి లాగుతున్నాడు. దేవుడి సన్నిధిలో ఇంత బద్ధకమేమిటి?" అన్నాడు. తీసేయాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. మావయ్య కూడా ఎత్తాడు. కాకపోతే అందరూ దించేశాక ఎత్తాడు.

అదీ ఆయన సంగతి. ఏ పనైనా చేస్తాడు, బాగా చేస్తాడు, అర క్షణం ఆలస్యంగా చేస్తాడు. జోకు చెబితే మనం తర్వాతి సంగతిలోకి వెళ్లాక నవ్వుతాడు. అప్పటికి మనం ఎవరో పోయిన కబురు చెబుతుంటాం. పెళ్లిలో "ఈమెను భార్యగా స్వీకరిస్తావా?" అని పాస్టరుగారు అడిగితే, ఈయన ఆగిన ఆ కాస్త సేపట్లో పెళ్లికూతురి అన్నగారు చొక్కా చేతులు మడిచేశాడట. "ఆ రోజు నా గుండె ఆగిపోయింది. ఈయనకేమో అది పాటలో గ్యాపట!" అని రత్నమణి అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

ఆయన పోర్టులో గుమాస్తా. ఓడల్లోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం పని. పొద్దున్నే వన్‌టౌన్‌లో బస్సు కదిలాక గాని ఎక్కేవాడు కాదు. కండక్టరు త్రినాథరావుకి అలవాటైపోయి, "రైట్, రైట్" అన్నాక ఒక చెయ్యి బయటికి చాపి ఉంచేవాడు. మావయ్య ఆ చెయ్యి పట్టుకుని లోపలికొచ్చి, మూడు సీట్లు దాటాక వెనక్కి తిరిగి "థాంక్స్ బావా" అనేవాడు.

ఈ జబ్బంతా రెండు రికార్డుల వల్ల వచ్చిందని మా నాన్న అభిప్రాయం. ఎప్పుడో ఒక ఓడలో వంటవాడు కొబ్బరిబొండాలకి బదులుగా వాటిని మావయ్య చేతిలో పెట్టి వెళ్లాడు. అమెరికా జాజ్. ముగ్గురే మనుషులు: ఒకడు పియానో, ఒకడు నిలువెత్తు ఫిడేలులాంటి బేసు, ఒకడు డ్రమ్ములు. వాళ్లు చేసిన మొట్టమొదటి రికార్డులట అవి. అట్టమీద సూట్లు వేసుకున్న ముగ్గురు నల్లటి మనుషులు, పెళ్లి ఫోటోలో బావమరుదుల్లా బిగుసుకుని నిలబడి ఉంటారు. చేపల అప్పలమ్మ గుమ్మంలో గంప దించి ఆ అట్ట వంక తేరిపార చూసి, "ఈళ్లు మా యారాడోళ్లేనా బాబూ? ఆ మధ్యోడు అచ్చం మా మరిదే" అంది. ఆమె గంపెత్తుకుని వీధి మలుపు తిరిగాక మావయ్య అరిచాడు: "కాదప్పా!"

"తర్వాత వీళ్లు చాలా రికార్డులు ఇచ్చారటగా మావయ్యా, అవి తెప్పించుకోవా?" అని అడిగాను.

"ఎందుకల్లుడూ? మొదట్లో ముగ్గురూ ఒకడి మాట ఒకడు ఇంటన్నారు. పేరొచ్చాక ఎవడి మాట ఆడే ఇంటాడు."

"అవి విన్నావా?"

"నేదు."

సరే, ఆయన్ని లేపేశారు. మద్రాసులో సంగీతం పరీక్షలు పాసైన కృపాకర్‌ని కూర్చోబెట్టారు. మొదటి ఆదివారం పాట గడియారంలా నడిచింది. మగాళ్ల వరసలో మొదట నిలబడి పాడే మా నాన్న మొహం వెలిగిపోయింది. కానీ చరణం అయిపోయిన ప్రతిసారీ ఒక్క గొంతు మాత్రం ఇంకా పాడుతూ మిగిలిపోయింది.

అది మా మామ్మ దీవెనమ్మ గొంతు. నలభయ్యేళ్లుగా ఆడవాళ్ల వరసని నడిపించిన గొంతు. కుర్రాళ్ల బెంచీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. రెండో చరణంలో తలలు వెనక్కి తిరిగాయి. మూడో చరణంలో మామ్మ పాటల పుస్తకం మూసేసింది.

ఆ తర్వాతి ఆదివారం చర్చికి రానంది. "గొంతు బాగోలేదు" అంది. కూరగాయలమ్మే నూకాలుతో బేరమాడే గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తూనే ఉంది. మా నాన్న కాఫీ తాగుతూ, "పాట ఇప్పుడెంత శుభ్రంగా ఉందో చూశావా?" అని నన్నడిగాడు. పక్క గదిలో మామ్మ వింటోంది. ఆ ఇంట్లో పుట్టినందుకు సిగ్గేసింది. లైబ్రరీలో చేతికందిన పుస్తకమల్లా చదివి, ఊళ్లో అందరికంటే నాకే ఎక్కువ తెలుసని తిరిగేవాణ్ణి. పక్క గదిలో మనిషి గొంతు ఎప్పుడు వెనకబడిందో తెలీదు.

తిన్నగా మావయ్య ఇంటికెళ్లాను. "మామ్మ తాళం తప్పుతోందని నీకు ముందే తెలుసా?"

ఆయన రికార్డు పెట్టాడు. కాసేపయ్యాక వేలెత్తి, "ఇక్కడిను. డ్రమ్ములోడు తప్పేసినాడు. మిగతా ఇద్దరూ ఏటి సేసినారు? ఆడెనకాలే ఎళ్లిపోనారు. ఇప్పుడు సెప్పు, తప్పెక్కడుంది?" అన్నాడు.

ఎంత విన్నా దొరకలేదు.

"మరి కమిటీలో ఈ మాట చెప్పొచ్చుగా?"

"ఏటని సెప్పీది? మీ మామ్మకి తాళం పోయిందని మైకులో సెప్పమంటావా? నాను బద్ధకస్తుణ్ణంటే ఎవుడికి నష్టం?"

"అయితే ఆ బస్సు ఎక్కడం కూడా..." అన్నాను.

"బస్సు కాడ ఆలస్యం నా సొంతంరా. దానికీ దీనికీ సంబంధం నేదు."

మళ్లీ వచ్చి వాయించమంటే ఒప్పుకోలేదు. "ఆ కుర్రోడి పొట్ట కొట్టకూడదు" అన్నాడు. దానికి బదులు ఆ కుర్రోడి పొట్ట నింపడం మొదలెట్టాడు. సాయంత్రాలు కృపాకర్‌ని పిలవడం, వంజరం చేపల పులుసు పెట్టడం, రికార్డు వేయడం. మద్రాసు పరీక్షల్లో నెగ్గుకొచ్చినవాడు రత్నమణి అత్తయ్య పులుసు ముందు ఓడిపోయాడు. ఈస్టర్ నాటికి చరణం చివర వేళ్లు ఆపి, ఆడవాళ్ల వరస వంక చూడడం నేర్చుకున్నాడు.

ఆ ఈస్టర్‌కి మామ్మని బతిమాలి తీసుకెళ్లాను. మొదటి పాట పెదాలు కదపకుండా విన్నది. రెండో పాటకి పుస్తకం తెరిచింది. చివరిదాకా పాడి, పుస్తకం మూసి, నా చెవిలో, "కుర్రోడు ఇప్పటికి దార్లో పడ్డాడ్రా" అంది. మా నాన్న పియానో వంక చూసి తల పట్టుకుని, "వీడూ పాడైపోయాడు!" అన్నాడు.

మావయ్య రిటైరై భీమునిపట్నం వెళ్లిపోయే రోజున, ద్వారకా నగర్ బస్సు కాంప్లెక్సులో సామాను ఎక్కించడానికి వెళ్లాను. అదే మేం ఆఖరుసారి కలవడం. మా నాన్న తరఫున క్షమించమని అడగాలని దార్లో పెద్ద పెద్ద మాటలు కూర్చుకున్నాను. "మావయ్యా, మా నాన్న చేసిన పనికి..." అనగానే ఆయన నా భుజం పట్టుకుని పక్కకి లాగాడు.

"అల్లుడూ, మీ మామ్మ పాటకి ఎనకుండిపోద్ది. మీ నాన్న ఎప్పుడూ పాటకి ముందే పరిగెడతాడు. ఇరవయ్యేళ్లు ఆ తల్లీకొడుకుల్ని ఒక్క పాటలో ఉంచడానికే నా ప్రాణం పోయింది. ఈ ముక్క మీ నాన్నతో మాత్రం అనకు. రోసపడి ఆయన పాడ్డం మానేత్తే, మగాళ్ల వరసలో గొంతున్నోడు ఇంకెవుడున్నాడు?"