బుధవారం రీడింగులు

మా పాత బిల్డింగులో నీళ్ల మోటారు వేసినప్పుడల్లా ఇంట్లో ఫ్యాను చప్పుడు ఒక్క క్షణం మందగిస్తుంది. ఆ క్షణంలో ఇప్పటికీ చేస్తున్న పని ఆపి ఫ్యాను వైపు చూస్తాను. పదిహేడేళ్ల వయసులో పట్టుకున్న దిగులు అది. దానితోపాటే రూత్ బాయి గుర్తొస్తారు.

డెబ్బైల చివర, బొంబాయి దగ్గరి మగ్గాల ఊరు భివండిలో నేను చదివిన మరాఠీ బడికి నాకు ఒక్క ఏడాది ముందే కొత్తగా పన్నెండో తరగతి కలిపారు. ఫిజిక్సు ఆమే చెప్పేవారు. అక్కడ టీచరమ్మలను బాయి అంటారు. ఆమెది కరీంనగర్ వైపు క్రైస్తవ కుటుంబం. పాఠం మరాఠీలో చెప్పేవారు, మా తెలుగు పిల్లలకు మందలింపు మాత్రం తెలుగులోనే. కెపాసిటర్ ప్రయోగం అయ్యాక దాని రెండు కాళ్లనూ వైరుతో కలిపి ఖాళీ చేసేవారు. కాసేపాగి మళ్లీ కలిపేవారు. ఒకసారి చాలదా అని అడిగితే, లోపల ఇంకా మిగిలి ఉంటుందని, చూడకుండా నమ్మొద్దని చెప్పారు.

ఆ కెపాసిటర్‌ను గోడ ప్లగ్గు కరెంటును డీసీగా మార్చే పెట్టెతోనే నింపాలి. పది సెకన్లకొకసారి వోల్టులు రాసి, గ్రాఫు గీయాలి. పుస్తకంలో ఆ గీత నున్నగా పైకి లేచి చివర చదునవుతుంది. బుధవారం మధ్యాహ్నం నేను చేస్తే మధ్యలో గీత కుంగిపోయింది. చేయి తప్పిందనుకున్నాను. జర్నల్ అనే ఆ రికార్డు పుస్తకంపై బాయి సంతకం లేకపోతే బోర్డు ప్రాక్టికల్‌కు కూర్చోనివ్వరు. పరీక్ష తప్పితే తనతోపాటు సాంచెల మీదికి రావాల్సిందేనని నాన్న అప్పటికే చెప్పేశాడు. పవర్‌లూమ్‌లను మావాళ్లు సాంచెలనేవారు. భయంతో, నాకంటే ముందు ఏడాది చదివిన ఒకతని పాత జర్నల్ తెచ్చుకుని అంకెలన్నీ దించేశాను. తేదీ వారం వేయందే నాకు పేజీ మొదలవదు కనుక, పైన బుధవారం అని కూడా రాశాను.

బాయి ఆ పేజీని చాలాసేపు చూశారు.

"బుధవారం సాంచెలు బందున్నయా?"

"లేవు బాయి."

"మరి నీ గీత గింత సాపుగ ఎట్లొచ్చింది?"

ఊళ్లో మగ్గాలకు సెలవు శుక్రవారం. మిగతా రోజుల్లో తిండి వేళ అయ్యాక అవన్నీ ఒక్కసారి మొదలైతే బడిలో కరెంటు కుంగేది. నేను దించుకున్నవి ఎవరో శుక్రవారం తీసిన అంకెలు. సంచిలోంచి నా అసలు అంకెలున్న చిత్తు కాగితం తీసి ఇచ్చాను.

దాన్ని చూసి ఆమె కోప్పడలేదు. జర్నల్ పేజీని అడ్డంగా కొట్టేసి, వచ్చే బుధవారం అదే వేళకు రమ్మన్నారు. తాను కిటికీ దగ్గర నిలబడ్డారు. వీధిలో మగ్గాల మోత లేవగానే నా చేతి కింద వోల్టుమీటరు ముల్లు తడబడింది.

"రాయి బిడ్డా. ఏదొస్తే గదే రాయి."

కుంగిన చోట కారణం రాయించి, కింద సంతకం పెట్టారు. పరీక్ష రోజు బయటి ఎగ్జామినర్ జర్నల్ తిరగేసి, సరిగ్గా ఆ చోటే ఎర్ర సున్నా చుట్టి మార్కులు కోశాడు. పాసయ్యాను గానీ, చాలా తక్కువతో. ఆ సంగతి వెళ్లి బాయికి చెప్పాను.

"కోయనియ్యి. గా పేజీల నువ్వు చూసిందే ఉన్నది గద" అన్నారు.

ఇప్పుడు నా కంటి ఆపరేషన్‌కు ముందు రోజూ ఉదయం బీపీ చూసి రాయమన్నాడు డాక్టరు. ఎక్కువుంటే వాయిదా వేస్తాడట. ఇవాళ చాలా ఎక్కువొచ్చింది. మా ఆవిడ పక్కనుంచి, ఇది లెక్కలోకి రాదని, కాసేపాగి మళ్లీ చూసి అది మాత్రం రాసుకోమని చెప్పింది. మళ్లీ చూశాను, తగ్గింది. డైరీలో ముందుది ముందు రాసి, దాని కింద రెండోది రాశాను. రెండింటి పక్కనా చూసిన వేళ కూడా వేశాను.