ముదురు రంగు జాకెట్లు

పోయిన శుక్రవారం మా వీధి టైలర్ పిన్ని గుండెపోటుతో పోయింది. ఆ కబురు విన్నాక, కూర మాడిన వాసన వచ్చేదాకా స్టవ్ కట్టేయాలని కూడా నాకు తోచలేదు.

నరసరావుపేటలో మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతలే ఆవిడ మిషను. పొద్దున్నే నమాజు కాగానే దాని చప్పుడు మొదలయ్యేది. అయినా నా జాకెట్టు ఒక్కటీ చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు. అడిగితే, "పెళ్లి నీదా ఏంది, అంత తొందర?" అనేది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది. ఎక్కడ మింగేస్తుందోనని భయం నాకే గానీ ఆవిడకు కాదు.

రెండేళ్ల కిందట నా ఎడమ చనుమొన నుంచి రక్తపు చుక్కలు రావడం మొదలైంది. నొప్పి లేదు, గడ్డా తగల్లేదు. క్యాన్సరే అని నాకు నేనే తేల్చేసుకున్నాను. బయటికి చెబితే నిజమైపోతుందని భయం. మరక కనపడకుండా ముదురు రంగు గుడ్డలు కొని, లైనింగు రెండు పొరలు వేయమని పిన్నికి ఇచ్చేదాన్ని. ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదని నా తెలివికి మురిసిపోయాను కూడా.

మూడోసారి ఇచ్చినప్పుడు పిన్ని మిషను ఆపి, లేచి తలుపు దగ్గరకు వేసింది.

"లేత రంగులు తప్ప కట్టనిదానివి. ఈ ఎండల్లో రెండు లైనింగులేందే? ఏం దాస్తన్నావ్?"

ఏడుస్తూ మొత్తం చెప్పేశాను.

"గుడ్డయితే నేను సరిచేస్తా. ఇది డాక్టరమ్మ చూడాల్సింది. రేపు పోదాం."

మర్నాడు పనంతా పక్కన పెట్టి నా వెంట వచ్చింది. స్కానింగు తీశారు. తర్వాత చిన్న ఆపరేషను చేసి, తీసిన ముక్కను పరీక్షకు పంపారు. పాల నాళంలో పెరిగిన చిన్న కండ, క్యాన్సర్ కాదని తేలింది.

"ఇట్లాంటివి ఎక్కువగా ప్రమాదం లేనివే. కానీ ఒక్క వైపే, పిండకుండా, రక్తం వస్తుంటే ఆగకూడదు. ఏమిటో తేల్చాల్సింది మేము, మీరు కాదు" అని డాక్టరమ్మ మందలించింది. పిన్ని తనకే చెబుతున్నట్టు ప్రతి మాటకూ తలూపింది.

బయటికొచ్చాక, "ఇన్ని నెలలు చానా ఏడ్చుంటావు గదే ఒక్కదానివే" అని నా వీపు మీద ఒక్కటేసింది. ఆ దెబ్బకు నేను ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

మొన్న పలకరింపుకు వెళ్లి, పిన్ని వాళ్లింట్లో ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాను. మా వీధికి కోడలుగా వచ్చిన క్రోసూరు అమ్మాయి పసిబిడ్డను ఒళ్లో వేసుకుని నా పక్కనే కూర్చుంది. "నాకు రొమ్ములో గడ్డ తగిలితే పిన్నే ఆస్పత్రికి తీసుకపోయిందక్కా. పాల గడ్డేనంట. ఎవరికీ చెప్పలా నేను" అంది మెల్లగా.

"నన్నూ పిన్నే తీసుకెళ్లింది" అన్నాను.

గోడవారగా కూర్చున్న ఇద్దరు ఒకేసారి తలెత్తి మా వైపు చూశారు. రోజూ ఎదురుపడే మనుషులమే. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వాళ్లిద్దరూ లేచి వచ్చి మా చాప మీద కూర్చున్నారు.