బైండింగ్ అత్తయ్య మళ్లీ చదివింది

వీధి మొత్తానికీ ఆవిడ బైండింగ్ అత్తయ్య. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను పదహారు పేజీల ఫారాలుగా మడవడం ఆవిడ పని, వాటిని కుట్టి అట్ట వేయడం మావయ్య పని. మడుస్తూ మడుస్తూనే చదివేసేది మహాతల్లి! ప్రెస్సు నుంచి ఫారాలు ఓ వరసంటూ లేకుండా వచ్చేవి. కథలో దొంగ ముందు దొరికేవాడు, దొంగతనం తర్వాత జరిగేది. అయినా ఆవిడకేం ఇబ్బంది ఉండేది కాదు.

అలాంటి మనిషికి కళ్లు మొరాయించాయి. అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరు తేల్చేశాడు. మడత చేతికి తెలుసు గనక పని ఆగలేదు, చదువే ఆగిపోయింది. దిగులుతో అన్నం సయించేది కాదు. అది చూడలేక కూతురు ట్యాబు పట్టుకొచ్చింది.

“మన పొట్ట కొట్టే వస్తువును నువ్వే ఇంట్లోకి తెస్తావా?” అన్నాడు మావయ్య.

అత్తయ్య కూడా ముక్కు విరిచింది. “కాగితం లేదు, మడత లేదు. అదేం పుస్తకమే?”

కూతురు వాదనకు దిగలేదు. ఒక నవల తెరిచి, అక్షరాలను బొటనవేలంత చేసి ముందు పెట్టింది.

అత్తయ్య ఒక వాక్యం చదివింది. ఇంకోటి చదివింది. “కనిపిస్తోందే! అంతా కనిపిస్తోంది,” అంటూ కూతుర్ని పట్టుకుని ఊపేసింది. ఇక ఆగుతుందా? పేజీ అయిపోగానే, చేతి అలవాటు కొద్దీ, మడత నొక్కినట్టు కింది అంచును బొటనవేలితో గట్టిగా రుద్దేసింది. కథ ఎగిరి ఎక్కడో చివర్లో పడింది. కూతురు వెనక్కి తేబోతే, “ఉండవే, నాకిలాగే అలవాటు,” అని అక్కణ్ణుంచే అందుకుంది. పైకే చదువుతోంది, నవ్వుతోంది, మధ్యలో విలన్ని తిడుతోంది. అవతల పాలు పొంగిపోతున్నా పట్టించుకోలేదు.

మావయ్య మొహం మాడ్చుకుని కుడుతూనే ఉన్నాడు. “నువ్వూ అటే దూకావన్నమాట.”

“నేనెటూ దూకలేదయ్యా. కళ్లు బాగున్నవాళ్లు నువ్వు కుట్టినవే చదువుకుంటారు. ఇన్నాళ్లూ పుస్తకం ఒళ్లోనే ఉన్నా నేను ఉపవాసమున్నాను. నాకు చదువు కావాలి, అది దేంట్లో ఉంటే ఏం?”

ఆయన దారం తెంపి, వచ్చి పక్కన కూర్చున్నాడు. తెరకేసి కళ్లు చికిలించి చూసి, మెల్లగా అడిగాడు.

“ఇంకాస్త పెద్దవి చెయ్యి. నాక్కూడా కనబడాలి.”

రోజూ పొద్దున్నే పేపరు ముందేసుకుని కూర్చునే మనిషి అందులో ఒక్క ముక్కా చదవడం లేదని ఆవిడకి అప్పుడే తెలిసింది.