మావయ్య కాలు కదిలిన రోజు

నా చిన్నప్పుడు, అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, మా మావయ్య కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్ను విరగ్గొట్టుకున్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి నెలలు గడిచినా కాళ్లు కదిలేవి కావు, నడుము కింద ఆయనకు ఏమీ తెలిసేది కాదు. ఎవరు పలకరించినా గోడవైపు తిరిగి పడుకునేవారు.

ఒక ఉదయం తడిగుడ్డతో ఆయన పాదం తుడుస్తున్నాను. చటుక్కున మోకాలు ముడుచుకుని కాలు వెనక్కి పోయింది. నా కేకకి అమ్మమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మళ్లీ తుడిచాను, మళ్లీ కదిలింది. మధ్యాహ్నానికి వీధి వీధంతా మా అరుగు మీదే ఉంది. మావయ్య గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా అడిగి మరీ వేసుకున్నారు.

సాయంత్రం పక్కవీధి డాక్టరమ్మగారు వచ్చి, ఆయన అరికాలిని వేలితో గీశారు. కాలు ముడుచుకుంది.

"మీకు తెలిసిందాండీ?" అని అడిగారు.

మావయ్య చాలాసేపు ఆలోచించి, "లేదండీ" అన్నారు.

ఆవిడ నన్ను మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోమని, మోకాలిచిప్ప కింద తట్టారు. ఆపుదామనుకునేలోపే నా కాలు ఎగిరింది. అప్పుడు ఆవిడ మావయ్య పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"వేడిగిన్నె తగిలితే, మంట తెలిసేలోపే చెయ్యి వెనక్కొచ్చేస్తుంది కదండీ. అది మెదడు చెప్పి చేయించే పని కాదు, వెన్నుపామే చేయించేస్తుంది. మెదడుకి కబురు తర్వాత వెళ్తుంది. మీకు ఆ కబురెళ్లే దారి తెగిపోయిందండీ. దెబ్బ తగిలిన చోటుకి కింద వెన్నుపాము బతికే ఉంది, దాని పని అది చేసుకుంటోంది. కాలు ముడుచుకుంది కదా అని నడక వస్తుందని మాత్రం నేను చెప్పలేను."

అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య తన కాళ్లవంక చూసుకున్నారు.

"ఆయ్," అన్నారు. "చచ్చిపోయిన కాళ్లు కావన్నమాట. నా మాట వినడం మానేసేయంతే. అయితే జాగ్రత్తగా చూసుకోవాలండి వీటిని."

ముల్లు గుచ్చుకున్నా ఆయనకు తెలియదు కనుక, రోజూ పాదాలు పరీక్షగా చూసే పని డాక్టరమ్మగారు నాకు అప్పగించారు. మావయ్య చేతుల బలంతో చక్రాల కుర్చీలోకి మారడం నేర్చుకున్నారు. ఆ కుర్చీలో తోటంతా తిరుగుతూ, ఏ చెట్టు కాయ ఎప్పుడు దింపాలో కిందనుంచే చెప్పేవారు. ఆయన గుండె నిబ్బరం తలుచుకుంటే నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు నేనూ అమ్మమ్మనయ్యాను. మా వాళ్లలో ఎవరికైనా చేదు కబురు చెప్పాల్సి వస్తే గుమ్మంలో నిలబడి చెప్పను. ఆ డాక్టరమ్మగారిలా పక్కన కూర్చుంటాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చెప్పాక వెంటనే లేచి రాను.